వేలం ధర వేసినప్పుడు గ్రేడు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

పాత బంగారు నాణెం వేలంలో లక్షలు పలికిందని పేపర్లో పడితే చాలు, మర్నాడు తిరుపతి గాంధీ రోడ్డు నగల కొట్లలో పాత కాసులు బల్లమీదికి వస్తాయి. "పేపర్లో అంత రాశారు, మీరేమో తూకానికి కడుతున్నారు" అని తగువు. ఇందులో కొట్టువాళ్ల తప్పూ లేదు, తెచ్చినవాళ్ల తప్పూ లేదు. వార్తలో ధర ఒక్కటే ఉంటోంది. అది ఏ ఏడాది, ఏ టంకశాల నాణెం, ఏ సంస్థ ఎంత గ్రేడు ఇచ్చింది, రాసిన అంకెలో కమీషన్ కలిసిందా లేదా అన్నవి ఉండటం లేదు. ఏ వీధో చెప్పకుండా అంకణం రేటు చెప్పినట్టుంది.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఐదో జార్జి బొమ్మ కాసు, అంటే సావరిన్. బరువు 7.988 గ్రాములు, అడ్డకొలత 22.05 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. అందులో మేలిమి 7.32 గ్రాములు. ఆనాటి మేలిమి గ్రాము ధరను 7.32తో గుణిస్తే వచ్చేది అడుగు ధర. దాని మీద ఇంకెంత వస్తుందన్న చోటే తేడాలన్నీ మొదలవుతాయి.

1918 కాసునే తీసుకోండి. రాజు బొమ్మకు వెనకవైపు గుర్రం మీద రౌతు ఉంటాడు, ఆ గుర్రం కాళ్ల కింద నేల గీత ఉంటుంది. ఆ గీత మధ్యలో, ఏడాది అంకెలకు పైన, ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం సన్నగా కనిపిస్తే అది బొంబాయి టంకశాలది. అక్కడ సావరిన్లు కొట్టింది ఆ ఒక్క ఏడాదే. ఇది తెలిసి చాలామంది తమ చేతిలో నిధి ఉందనుకుంటారు. ఏడాది ఒక్కటే అయినా కొట్టినవి దాదాపు 13 లక్షలు! అరిగిన ‘ఐ’ కాసు బంగారం ధర మీద కాస్త ఎక్కువ పలుకుతుంది, అంతే. అదే కాసు ఒక్క గీత పడకుండా, టంకశాల నిగనిగ పోకుండా మిగిలితే దాని కథ వేరు.

ఆ ‘మిగలడాన్ని’ కొలిచేదే గ్రేడు. 1 నుంచి 70 దాకా ఉన్న ఈ కొలమానాన్ని విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగు సంస్థలు వచ్చి, నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయడం మొదలుపెట్టాయి. 60, ఆపైన వచ్చినవి చేతులు మారి అరగనివి. 58 అంటే ఎత్తు భాగాల్లో మాత్రం లేత రాపిడి ఉన్నది. చిత్రమేమంటే, బాగున్న 58 కొన్నిసార్లు 60, 61ల కంటే ఎక్కువ పలుకుతుంది. ఆ 60 అరగకపోయినా సంచుల్లో తోటి నాణేలకు తగిలి ఒళ్లంతా గాట్లు పడి ఉంటుంది. కొనేవాడు అంకెకంటే ముందు నాణేన్ని చూస్తాడు.

ఒకే 63 ఉన్న రెండు కాసులకు రెండు ధరలు రావడం కూడా ఇందుకే. గాటు రాజుగారి గడ్డంలోనో, గుర్రం కాళ్ల సందులోనో పడితే కంటికి ఆనదు. అదే గాటు బుగ్గ మీద పడితే మొదటి చూపు అక్కడే ఆగిపోతుంది. కాసులో పన్నెండో వంతు రాగే కాబట్టి కొన్నిటి మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. వాటిని కొందరు పట్టించుకోరు, కొందరు ముట్టుకోరు. 64 నుంచి 65కు ఒక్క మెట్టే అయినా, అక్కడిదాకా ఎక్కే నాణేలు బాగా తగ్గిపోతాయి గనక ధర అక్కడ ఒక్కసారి దూకుతుంది.

మన ప్రాంతపు కాసులకు వచ్చే అసలు చిక్కు కాసులపేరు. రింగు అతికించి, మళ్లీ తీయించి, అంచు ఆకురాయితో సాపు చేసిన కాసుకు గ్రేడింగు సంస్థలు అంకె వేయవు. ‘డీటెయిల్స్’ అని రాసి, పక్కన రింగు తీసిన గుర్తు ఉందని రాస్తాయి. పది రెట్ల భూతద్దంతో రాజు తల పైన, వెనకవైపు గుర్రం కాళ్ల కింద, అంచు మీది పళ్లను చూడండి. అక్కడ పళ్లు అరిగినా, టంకం రంగు వేరుగా కనిపించినా ఆ కాసు మెడలో వేలాడిందే. మెరుగు పెట్టించిన కాసుదీ ఇదే గతి. అచ్చు గట్టిగా ఒత్తినప్పుడు లోహం నడుమ నుంచి అంచుకు పారి అతి సన్నని గీతలు ఏర్పడతాయి. ఒక్క దీపం కింద నాణేన్ని అటూఇటూ వంచితే వెలుగు చక్రం ఆకుల్లా తిరిగేది వాటివల్లే. మెరుగు పెడితే అవి పోతాయి, నాణెం తోమిన ఇత్తడి చెంబులా అంతటా ఒకేలా మెరుస్తుంది. పండక్కి కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో రుద్దినా వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. అమ్మాలన్న ఆలోచన ఉంటే దుమ్ముతోనే ఉంచండి.

గీటురాయి మీద గీసి "అసలుదే" అనడం ఇంకో పొరపాటు. గీటురాయి బంగారాన్ని చెబుతుంది, నాణేన్ని చెప్పదు. గత శతాబ్దం మధ్యలో బీరూట్ వైపు దొంగ సావరిన్లు అసలు బంగారంతోనే కొట్టారు, బంగారం మీద వచ్చే పైధర కోసం. వాటిని పట్టించేవి బరువు, కొలత, అక్షరాల అంచుల పదును. చలామణిలో అరిగినా సావరిన్ 7.938 గ్రాములకు తగ్గకూడదని నాటి నియమం. గీటు గీస్తే పడే గాటు గ్రేడును ఎలాగూ తినేస్తుంది.

సీలు పెట్టెలో ఉందని నమ్మేయకూడదు, పెట్టెలకూ నకిలీలున్నాయి. లేబుల్ మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్లో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న గాట్లు చేతిలోని నాణెం మీద ఉన్నాయేమో చూడాలి. ఆ గ్రేడులో ఎన్ని నాణేలున్నాయో కూడా అక్కడే లెక్క దొరుకుతుంది. ఆ లెక్క నిలకడైనది కాదు. 1857లో మునిగిన ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా ఓడ నుంచి 1857-ఎస్ (ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల) ఇరవై డాలర్ల బంగారు నాణేలు వేల సంఖ్యలో మెరుపు పోకుండా బయటపడ్డాయి. అంతకుముందు అపురూపమైన గ్రేడు కాస్తా దొరికే సరుకైంది. ఇంకోవైపు, ఒకే నాణేన్ని పెట్టె పగలగొట్టి పెద్ద గ్రేడు ఆశతో మళ్లీ పంపేవాళ్ల వల్ల లెక్క ఉన్నదానికంటే ఎక్కువగానూ కనిపిస్తుంది.

ఇక వేలం రోజు. పట్టుదల ఉన్న ఇద్దరు పాడితే ధర ఎగురుతుంది. మరోసారి అలాంటి నాణెమే వస్తే, మొన్న గెలిచినవాడికి దాని అవసరం లేదు, ఓడినవాడు ఒక్కడే మిగులుతాడు. పాట లక్ష దగ్గర ఆగిందనుకోండి. కొన్నవాడిపై కమీషన్ 20 శాతమైతే అతను కట్టేది 1,20,000, పన్నులు అదనం. అమ్మినవాడి నుంచి 10 శాతం పట్టుకుంటే అతని చేతికొచ్చేది 90,000. పేపర్లో ఏది పడుతుంది? ఎక్కువగా పెద్దదే. 1933 నాటి అమెరికా ఇరవై డాలర్ల నాణెం 2002లో 75.9 లక్షల డాలర్లకు, 2021లో కోటి 88 లక్షల డాలర్ల పైచిలుకుకు పోయింది. రెండుసార్లూ అదే నాణెం. అందులో మేలిమి 30 గ్రాములే. ప్రైవేటు చేతుల్లో చట్టబద్ధంగా ఉండగలిగినది అదొక్కటే కావడం దాని ధర. అలాంటి వార్తతో ఇంట్లోని కాసును పోల్చుకోవడం దండగ.

చంద్రగిరి నుంచి ఏలిన వెంకటపతిరాయల వరహా గురించి ఒక మాట. ఒకవైపు తోరణం కింద నిలబడ్డ స్వామి, రెండోవైపు నాగరిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’. చేత్తో కొట్టినవి, అచ్చు కంటే బిళ్ల చిన్నది. అందుకే స్వామి కిరీటం నుంచి పాదాల దాకా బిళ్ల మీద పడిందా లేదా అన్నదే ధర తేలుస్తుంది. అరగకపోయినా ముఖం బయటికి పోయినదానికంటే, కాస్త అరిగినా నిండుగా పడినదే మేలని మా అభిప్రాయం.

1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1918 కాసూ ఇప్పుడు ఆ లెక్కలోదే. "గ్రేడుకు అమెరికా పంపిస్తాం" అని కాసు అడిగేవాళ్లకు ఇవ్వకండి. పొలంలోనో గోడలోనో దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

తిరుమలలో కొన్న శ్రీవారి డాలర్లను కూడా కొందరు ఈ వార్తలతో కలిపి అడుగుతున్నారు. వాటికి లెక్క తూకమే.

ఇకమీదట ఇలాంటి వార్త వేస్తే ఏడాది, టంకశాల, గ్రేడు ఇచ్చిన సంస్థ పేరు, అంకె, కమీషన్ కలిసిందో లేదో ఒక వాక్యంలో చేర్చమని మనవి. స్థలముంటే నాణెం రెండువైపుల ఫొటోలూ వేయండి. ఎక్కువసార్లు బొమ్మ వైపే పడుతోంది, టంకశాల అక్షరం ఉన్న వైపు పడటం లేదు.

ఇట్లు,
కొందరు నాణేల సేకరణదారులు,
తిరుపతి