నాణేన్ని చూడటం నేర్పండి, ధర చెప్పి ఆశపెట్టకండి

సంపాదక మహాశయా,

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెమో, పది రూపాయల నాణెమో ఇంట్లో ఉంటే లక్షలు చేతికొస్తాయన్న ప్రచారం మన చెన్నైలోని తెలుగువారి ఫోన్లలో కూడా జోరుగా తిరుగుతోంది. 2012లో విడుదలైన ఆ నాణేలను ప్రభుత్వం వాడుకకోసమే విస్తారంగా ముద్రించింది. కొండితోపులో కిరాణా దుకాణం నడుపుకొనే నా గల్లాపెట్టెలోకి అవి ఇప్పటికీ వస్తూనే ఉంటాయి, మళ్లీ చిల్లరగా వెళ్లిపోతూనే ఉంటాయి. చేతులు మారి అరిగిన అలాంటి నాణేనికి ముఖవిలువకు మించి చెప్పుకోదగ్గ ధర ఎవరూ ఇవ్వరు.

ఈ ప్రచారం వినోదంతో ఆగిపోతే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మా దుకాణంలో పనిచేసే కుర్రవాడు తన దగ్గరున్న నాణెం ఫొటో ఒక నంబరుకు పంపితే, అవతలివాళ్లు కొంటామని ఒప్పుకొని, ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము, తర్వాత పన్ను అంటూ అతని జీతంలో పెద్ద భాగం లాగేసి ఫోను ఆపేశారు. సరిగ్గా ఇలాంటి మోసాల గురించే రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, వాటి పేరుతో రుసుమో కమీషనో వసూలు చేసే అధికారం తాను ఎవరికీ ఇవ్వలేదనీ స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఆ కుర్రవాడిదాకా చేరలేదు. లక్షల మాట మాత్రం చేరింది.

నా అభిప్రాయంలో దీనికి మూలం దురాశ ఒక్కటే కాదు, చేతిలో ఉన్న నాణేన్ని చూడటం మనకెవరూ నేర్పకపోవడం. అమ్మవారి నాణేనికి లక్షలు వస్తాయని నమ్మే మనిషే, వేరే బొమ్మ ఉన్న పది రూపాయల బిళ్ల ఇస్తే చెల్లదని తిరిగి నా చేతిలో పెడతాడు. అప్పటికి విడుదలైన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని 2018 జనవరిలోనే రిజర్వు బ్యాంకు ప్రకటించినా, తమిళనాడులో ఆ పేచీ చాలాకాలం సాగింది. అర్ధరూపాయి సంగతీ అంతే. 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయినవి పావలా, అంతకు తక్కువ విలువ నాణేలు మాత్రమే. అర్ధరూపాయి ఈనాటికీ చట్టబద్ధమైన నాణెమే.

చూడటం తెలిస్తే చిల్లరలో ఎంత ఉందో చెప్పాలని నాకు ఆశగా ఉంది. ముందు సంవత్సరం అంకెల కింద చూడాలి. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలలో తయారైనది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఈ ఒక్క సంగతి చెబితే పిల్లలు చిల్లరంతా నేలమీద పరిచి నక్షత్రాలు ఏరడం మొదలుపెడతారు. 2007 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన రూపాయి మీద బొటనవేలు, రెండు రూపాయల మీద రెండు వేళ్లు, అర్ధరూపాయి మీద పిడికిలి ఉన్న హస్తముద్రల వరుసను వాళ్లే పట్టుకుంటారు. 1992లో మొదలైన రాగి-నికెల్ ఐదు రూపాయల నాణేన్ని ఒకసారి అరచేతిలో పెట్టుకుంటే, తొమ్మిది గ్రాముల ఆ బరువే దాన్ని తర్వాతి వాటినుంచి వేరుచేస్తుంది. అంచు మధ్యలో ఉన్న గాడి వేలికి తగులుతుంది.

మన తమిళనాడుకు సంబంధించినవి వెతికేవారికి 2009లో అన్నాదురై శతజయంతికి వచ్చిన ఐదు రూపాయల నాణెం ఉంది. ఆయన బొమ్మతోపాటు తమిళంలో ఆయన సంతకం కూడా దాని మీద ఉంటుంది. తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ల సందర్భంగా 2010లో వచ్చినదీ, కామరాజ్ శతజయంతిదీ ఐదు రూపాయలవే. ఇంకా వెనక్కి వెళ్తే, మా వీధికి దగ్గరలోని మింట్ స్ట్రీట్‌కు ఆ పేరు తెచ్చింది ఈస్టిండియా కంపెనీ టంకశాల. 19వ శతాబ్ది తొలి ఏళ్లలో మద్రాసులో కంపెనీ ముద్రించిన అరవరహా వెండి నాణెం మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, ఆ మూర్తి చుట్టూ తమిళంతోపాటు తెలుగు అక్షరాలు ఉన్నాయి. అది ఎవరి గల్లాపెట్టెలోకీ రాదు. కానీ ఈ నగరంలో మన లిపి డబ్బు మీద నడిచిందని ఇక్కడ పుట్టిపెరిగిన తెలుగు పిల్లలకు తెలియాలని నా కోరిక.

తాతల కాలంనాటి అణాలూ, యుద్ధకాలపు చిల్లుకానీలూ ఇంట్లో ఉన్నవారికి ఒక మనవి: ఇత్తడి చెంబులాగా వాటిని చింతపండుతో తోమకండి. ఏళ్ల తరబడి లోహం మీద ఏర్పడిన పొర పోతే, సేకరించేవారి దృష్టిలో వాటి విలువ పడిపోతుంది. ఉన్నవి ఉన్నట్టు కాగితపు కవర్లో పొడిగా ఉంచితే చాలు.

పాత నాణేలు కొంటామనే ప్రకటనలను మీ పత్రిక వేసే ముందు విచారించాలనీ, రిజర్వు బ్యాంకు హెచ్చరికను తెలుగులో ప్రముఖంగా ప్రచురించాలనీ కోరుతున్నాను. ఆదివారం పిల్లల పేజీలో వారానికొక నాణెం ఫొటో వేసి, దాని సంవత్సరం, టంకశాల, బొమ్మ వివరాలు నాలుగు వాక్యాల్లో ఇవ్వగలిగితే మరీ మంచిది. ధర మాత్రం వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక కిరాణా వర్తకుడు,
కొండితోపు, చెన్నై