సీటు వచ్చాక మొదటి మూడు నెలలు

సంపాదకులు గారికి నమస్కారం.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల ప్రభుత్వ బడుల నుంచి ఎంబీబీఎస్‌లో చేరే పిల్లల గురించి ఈ ఉత్తరం. రిజర్వేషన్ వాళ్లను సీటు దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత చేయి పట్టుకుని నడిపించాల్సింది అధ్యాపకులు. అక్కడ మనం చాలా వెనకబడి ఉన్నాం.

తేడా నీట్ దరఖాస్తు దగ్గరే మొదలవుతుంది. ప్రశ్నపత్రం 13 భాషల్లో ఇస్తారు. అయితే తెలుగు పత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే, ఒడియా పత్రం ఒడిశా కేంద్రాల్లోనే దొరుకుతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన రాయగడ అమ్మాయి బరంపురాన్ని కేంద్రంగా పెట్టుకుంటే తెలుగు పత్రం రాదు. విజయనగరమో శ్రీకాకుళమో పెట్టుకోవాలి. దరఖాస్తు సవరణ గడువు దాటాక ఎంచుకున్న భాషను మార్చనివ్వరు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. నెట్ సెంటర్లో ఫారం నింపే కుర్రాడికి ఇవన్నీ తెలియకపోవచ్చు, బడిలో జీవశాస్త్రం చెప్పే మాస్టారు పక్కన కూర్చుని ఆ పేజీ చూడాలి. ఇంటర్ కోసం పిల్లల్ని సరిహద్దు దాటించే ముందు రెండు రాష్ట్రాల స్థానికత నిబంధనలూ చదువుకోవాలి, ప్రభుత్వ కళాశాలల్లో 85 శాతం సీట్లు రాష్ట్ర కోటావే కాబట్టి.

కళాశాలలో చేరగానే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఒకేసారి ఇంగ్లీషులో మీద పడతాయి. ఈ పిల్లలకు విషయం అర్థం కాక కాదు, నోరు తిరగదు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, వాక్యం సగంలో ఆగిపోతుంది. జవాబు తెలిసీ చెప్పలేక నిలబడిన వాడి మీద చదవలేదన్న ముద్ర పడుతుంది. అక్కడి నుంచి వరస దాదాపు అందరికీ ఒకటే. మొదటి ఇంటర్నల్లో మార్కులు పడిపోతాయి. శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ టేబుల్ దగ్గర వెనక్కి జరుగుతాడు. పొద్దుటి క్లాసులు మానేసి హాస్టల్లో కూర్చుని గైడు బట్టీ పడతాడు. థియరీలో 75, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. అది తగ్గిందంటే పరీక్ష రాసే అర్హతే పోతుంది. మొదటి ఏడాది పరీక్షకు నాలుగు అవకాశాలే ఇస్తారు.

2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో దీనికి ఉపాయం ఉంది. చేరగానే ఇచ్చే అప్పటి ఫౌండేషన్ కోర్సు 175 గంటల్లో 40 గంటలు భాషకూ కంప్యూటర్‌కూ కేటాయించారు. నూటయాభై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి వ్యాకరణం చెబితే ఆ గంటలు ఎవరికీ పనికిరావు. మొదటి వారంలోనే ఒక్కొక్కరితో పాఠ్యపుస్తకంలోని ఒక పేరా చదివించి, చదివింది సొంత మాటల్లో చెప్పించాలి. పది నిమిషాల పని. తడబడిన వాళ్లను ఐదేసి మంది జట్లుగా చేసి రోజూ ఒక గంట ఇవ్వాలి. ఒక పేజీ బిగ్గరగా చదవడం, బొమ్మ గీయడం, ఆ బొమ్మ చూపిస్తూ రెండు నిమిషాలు మాట్లాడడం. మొదటి వారం తెలుగులోనో ఒడియాలోనో చెప్పనివ్వండి, నాలుగో వారానికి ఇంగ్లీషులోకి వస్తారు. వ్యాకరణం తప్పినప్పుడు ఆపకూడదు. నరం దారి తప్పు చెప్పినప్పుడు ఆపాలి.

మెంటార్ పద్ధతి కాగితం మీద చాలా చోట్ల ఉంది. ఒక్కో అధ్యాపకుడికి ఇరవై ముప్పై మందిని అప్పగిస్తారు. జాబితా వేసేసరికి మొదటి ఇంటర్నల్ అయిపోతుంది. తనిఖీ వస్తోందంటే ఆరు నెలల సంతకాలు ఒక్కరోజులో పడతాయి. ఇది పిల్లలకు చేసే అన్యాయం. ఒకరికి ఐదుగురికి మించి ఇవ్వకూడదు. మొదటి మూడు నెలలు వారానికోసారి, ఒక్కొక్కరితో విడిగా పదిహేను నిమిషాలు కూర్చోవాలి. గుంపులో అడిగితే బాగా చదివేవాడే మాట్లాడతాడు. వైవాలో మార్కులు వేసే మనిషే మెంటార్ అయితే పిల్లవాడు కష్టం చెప్పుకోడు, అందుకని మొదటి ఏడాది వాళ్లకు ఫార్మకాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ వంటి విభాగాల వారిని పెట్టడం మంచిది.

ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాను సార్ అంటాడు. నిన్న ఏ పేజీ చదివావు, ఎక్కడ ఆగావు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, మెస్ బిల్లు కట్టావా అని అడగాలి. స్కాలర్‌షిప్ ఆలస్యమై, మెస్ బకాయి పడి, సిగ్గుతో అన్నం మానేసే పిల్లలున్నారు. మార్కుల పట్టికలో అది కనబడదు. వరసగా రెండుసార్లు రాకపోతే మూడో వారం దాకా ఆగకుండా హాస్టల్ గదికే వెళ్లాలి. నిద్రా తిండీ తప్పాయనిపిస్తే మెంటారే వెంటబెట్టుకుని సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులో, ఒడియాలో కూడా మాట్లాడొచ్చు. అలాంటి బడి నుంచే వచ్చి మొదటి ఏడాది గట్టెక్కిన సీనియర్‌ను కూడా జతచేస్తే చాలా మేలు. ర్యాగింగ్ భయం ఉంటుంది గనక ఆ సీనియర్‌ను అధ్యాపకులే ఎంపిక చేయాలి.

ఈ పిల్లలకు ఉన్న బలాన్ని కళాశాలలు గుర్తించడం లేదు. 1962లో బరంపురంలో, 2017లో కొరాపుట్‌లో మొదలైన ప్రభుత్వ కళాశాలల ఆసుపత్రులకు ఒడియాతో పాటు తెలుగు, కువి, సవర, దేశియా మాట్లాడే రోగులు వస్తారు. నొప్పి ముందొచ్చిందా వాంతి ముందొచ్చిందా అని రోగి భాషలో అడగగలిగిన విద్యార్థి హిస్టరీ, అంటే జబ్బు పూర్వాపరాలు, సరిగ్గా రాస్తాడు. ఒక్కో స్టేషన్లో ఒక్కో పని చేయించి చూసే ఆస్కీ (OSCE) పరీక్షలో రోగితో మాట్లాడే స్టేషన్‌ను స్థానిక భాషలో పెట్టి ఆ నేర్పుకు మార్కులు వేయాలి. విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యం చూసుకునే కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఊళ్లకు వెళ్లే బృందాలకు వీళ్లను నాయకులుగా పెట్టాలి. ఊరికే దుబాసీలుగా వాడుకుని పంపేయడం తగదు.

బోధనను వృత్తిగా తీసుకునే యువ వైద్యులు ఈ జిల్లాలకు చాలా అవసరం. 2025 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం 220 పడకలు దాటిన ప్రభుత్వాసుపత్రులను బోధనాసుపత్రులుగా గుర్తించవచ్చు. అలాంటి చోట పీజీ తర్వాత రెండేళ్లు పనిచేసిన స్పెషలిస్టు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా, పదేళ్లు పనిచేసినవారు అసోసియేట్‌గా రావచ్చు. సొంత జిల్లా వదలకుండా అధ్యాపకులు కావడానికి ఇది మంచి దారి. కానీ మంచి సర్జన్ అయినంత మాత్రాన మంచి గురువు కాలేరు. అధ్యాపకులకు బోధనా పద్ధతులు నేర్పే బీసీఎంఈటీ శిక్షణ మూడు రోజులే, అది ఆరంభానికి సరిపోతుంది. తర్వాత కనీసం ఏడాది పాటు అనుభవజ్ఞులు వెనక బెంచీలో కూర్చుని వారి పాఠం విని, అదే రోజు లోటుపాట్లు చెప్పాలి.

పదోన్నతికి ప్రచురించిన పరిశోధనా పత్రాలు, చేసిన కోర్సులు లెక్కకొస్తాయి. వెనకబడిన విద్యార్థితో వారం వారం కూర్చున్న గంటలు రావు. మెంటార్ గంటను టైమ్‌టేబుల్లో ఒక మధ్యాహ్నం క్లాసుగా వేయాలి, దాన్ని బోధన గంటల్లో కలపాలి, పదోన్నతికి చూడాలి. రెండు రాష్ట్రాల వైద్య విద్యాశాఖలూ ఈ మూడింటినీ వచ్చే బ్యాచ్ చేరేలోపు కమిషన్ ముందు పెట్టాలని కోరుతున్నాం.

– ఒక విశ్రాంత వైద్య అధ్యాపకుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా