నీకెట్లా తెలుసు నాన్నా అన్నావు కదా

బెంగళూరు,
ఆదివారం రాత్రి

పాపా,

పొద్దున మీ స్విమ్మింగ్ పూల్ టెస్టులో క్లోరిన్ సున్నా వచ్చిందన్నావు, అది సున్నా కాదు, మరీ ఎక్కువుంది అన్నా. ఫోన్ పెట్టేసే ముందు "నీకెట్లా తెలుసు నాన్నా?" అన్నావు. చెప్పేలోపు మీ సూపర్‌వైజర్ పిలిచాడు, నువ్వు వెళ్లిపోయావు. సాయంత్రం మాట్లాడదామంటే మీ అవ్వ ఫోన్ లాక్కుని, నువ్వు తింటున్నావా లేదా అని విచారణ మొదలుపెట్టింది. అది ఇప్పట్లో తెమలదని పక్క గదిలో కూర్చుని ఇది రాస్తున్నా. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతా. నా దస్తూరీ అర్థం కాకపోతే మీ అమ్మకు ఫోన్ చెయ్యి, ఆమెకు అలవాటే.

కంగారులో నువ్వు చాలా చెప్పావు గానీ అందులో ఒక్క ముక్క నన్ను పట్టుకుంది. "ట్యూబ్‌లో టెస్టు మాత్ర వెయ్యగానే గులాబీ రంగు వచ్చినట్టే ఉంది, మూత పెట్టి ఊపేలోపు పోయింది" అన్నావు. ఆ మాట వినగానే ఎవర్నీ పూల్‌లో దిగనివ్వద్దని, ఇంకో చెంచా క్లోరిన్ మందు కూడా వెయ్యొద్దని చెప్పా. పెట్రోల్ బంకులో బ్యాటరీ నీళ్లు, అదే డిస్టిల్డ్ వాటర్, కొనుక్కొచ్చి పూల్ నీళ్లకి కలిపి పల్చన చేసి చూడమన్నదీ అందుకే. మధ్యాహ్నం నీ మెసేజ్ వచ్చింది: కలిపి చూస్తే 4, ఐదింతలు చేస్తే 20. నీ రిజిస్టర్లో మాత్రం పొద్దున రెండుసార్లు సున్నా అని ఉంది.

నాకు ఎట్లా తెలుసంటే, ఒక కాంట్రాక్టు పోగొట్టుకుని తెలుసుకున్నా.

2011లో. నువ్వు అప్పుడు చిన్నదానివి, మదనపల్లెలో అవ్వ దగ్గర ఉండేదానివి. ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్ పూల్ నా చేతిలో ఉండేది. అప్పటిదాకా నేను వాడింది పసుపు చుక్కల కిట్. నీళ్లలో చుక్కలు వేస్తే లేత పసుపు వస్తే తక్కువ, ముదురు పసుపు వస్తే ఎక్కువ, నారింజ రంగులోకి తిరిగిందంటే మరీ ఎక్కువ. చదువు లేనివాడికి కూడా అర్థమయ్యే లెక్క. అసోసియేషన్ వాళ్లు కొత్తగా డీపీడీ మాత్రల కిట్ కొనిచ్చి ఇకమీదట ఇదే వాడమన్నారు. మొదటి వారం బాగానే ఉంది. తర్వాత ఒక వానరోజున భయపడి మందు కొంచెం ఎక్కువే వేశా. తెల్లారి మాత్ర వేస్తే ట్యూబ్‌లో రంగే లేదు. మంచినీళ్లలాగా ఉంది. వాన నీళ్లు క్లోరిన్‌ని తినేశాయనుకుని ఇంకా వేశా. మళ్లీ సున్నా. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు ఒక పిల్లాడి నేవీ బ్లూ చడ్డీ బూడిద రంగులోకి తిరిగింది, ఇద్దరు పిల్లలకు కళ్లు ఎర్రబడ్డాయి. మీటింగ్‌లో నా రిజిస్టర్ తెరిచి చూపించా, చూడండి సార్, సున్నాయే కదా అని. వాళ్లు రిజిస్టర్ చూడలేదు, చడ్డీ చూశారు.

తర్వాత చిక్‌పేట వైపు రసాయనాలు అమ్మే ఒక ముసలాయన చెప్పాడు అసలు సంగతి. బట్టల రంగు విరిచే సరుకుతో రంగు తెప్పించి కొలుస్తున్నావు, అది ఎక్కువైతే ఆ రంగునే విరిచేస్తుంది కదయ్యా అన్నాడు. అంతే. కొంచెం క్లోరిన్ ఉంటే డీపీడీతో కలిసి గులాబీ రంగవుతుంది. సుమారు 10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిందంటే, పుట్టిన రంగును అదే తెల్లబరుస్తుంది. కంటితో చూసే కిట్ అయినా, మీ దగ్గరున్న డిజిటల్ మీటర్ అయినా ఒకటే. మీటర్ కొలిచేది క్లోరిన్‌ని కాదు, రంగుని. రంగు లేకపోతే అది కూడా సున్నా అనే చూపిస్తుంది, పైగా పాయింట్ తర్వాత రెండు అంకెలు వేసి మరీ చూపిస్తుంది.

నువ్వు బీఎస్సీ కెమిస్ట్రీ చదివావు కాబట్టి లెక్క నువ్వే వేసి ఉండాల్సింది, ఇక్కడ మాత్రం కొంచెం తిడతా. మీ పూల్ లక్షా యాభై వేల లీటర్లు అన్నావు. మీరు క్లోరిన్ మందుగా వాడేది టీసీసీఏ 90 గుళికలు. ఒక కేజీలో 900 గ్రాములు పనికొచ్చే క్లోరిన్ అనుకో, లీటరుకు 6 మిల్లీగ్రాములు, అంటే 6 పీపీఎం. శనివారం రాత్రి నైట్ షిఫ్ట్ అబ్బాయి రెండు కేజీలు వేశాడు. అంటే 12 పెరగాలి. పొద్దున ఆరింటికి నీకు సున్నా వచ్చింది. ఆ 12 ఎక్కడికి పోయింది? ఎండకి పోయిందనుకుందామంటే రాత్రి ఎండ లేదు. నీళ్లు కింద టైల్స్ గీతలు కనపడేంత తేటగా ఉన్నాయని నువ్వే అన్నావు. తేటగా ఉన్న పూల్‌లో రాత్రంతా కలిపి ఒక పీపీఎం పోతే ఎక్కువ. నిజంగానే 12 మింగేసే నీళ్లయితే పచ్చగానో పాలలాగానో ఉండేవి. ఆ లెక్క వెయ్యకుండా సూపర్‌వైజర్ చెప్పాడని ఇంకో రెండు కేజీలు వేయించావు. అదింకో 12. గుళికలు పూర్తిగా కరిగీ కరక్క, పొద్దుటి ఎండకి కొంత పోయీ నీకు 20 తేలింది. సరిగ్గానే ఉంది.

కలిపి చూసే పద్ధతి పొద్దున హడావిడిగా చెప్పా, మళ్లీ రాస్తున్నా. మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొనుక్కో. పూల్ నీళ్లు 2 మిల్లీలీటర్లు ట్యూబ్‌లో పోసి, 10 గీత దాకా బ్యాటరీ నీళ్లు పొయ్యి. మాత్ర వేసి, వచ్చిన అంకెను ఐదుతో గుణించు. కుళాయి నీళ్లు వద్దు, అందులో వాళ్లు వేసిన క్లోరిన్ ఉంటుంది. కలిపినా రంగు విరిగిపోతుంటే 1 మిల్లీలీటరు తీసుకుని పదింతలు చెయ్యి. ఇట్లా చేస్తే అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది, సిరంజిలో ఒక చుక్క తేడా కూడా ఐదింతలు అవుతుంది కదా. పర్వాలేదు. 18 అయినా 22 అయినా నువ్వు చేసేది మాత్రం అదే, గేటుకు తాళం.

ఇంకో మాట కూడా అన్నావు, నీళ్ల పులుపు చూసే పీహెచ్ ట్యూబ్ వంకాయ రంగులో ఉంది, యాసిడ్ పొయ్యమంటున్నారు అని. వద్దన్నా కదా, కారణం ఇది. క్లోరిన్ అంత ఎక్కువున్నప్పుడు ఆ ట్యూబ్‌లో వేసే ఫినాల్ రెడ్ రంగుమందు కూడా చెడిపోతుంది, ఊదా రంగులోకి తిరిగి పీహెచ్ ఆకాశంలో ఉన్నట్టు చూపిస్తుంది. టీసీసీఏ స్వతహాగా పుల్లటి సరుకు, పీహెచ్‌ని దించుతుంది. నాలుగు కేజీలు వేశాక పీహెచ్ పెరిగిందంటే ఎవరైనా నమ్ముతారా? దీనికి బ్యాటరీ నీళ్లు కలిపే చిట్కా పనికిరాదు. క్లోరిన్ దిగాక చూడు, లేదా వేరే పీహెచ్ మీటర్ ఉంటే దాంతో చూడు.

దించడానికి తొందరపడొద్దు. చెన్నై ఎండ ఉంది, మోటారు ఆడించి వదిలెయ్యి. రేపటికే గెస్టులు దిగాలని ఒత్తిడి చేస్తే హైపో, అదే సోడియం థయోసల్ఫేట్, కొలిచి కొంచెం కొంచెంగా వెయ్యొచ్చు. కొలవకుండా వేశావా, మిగిలిన హైపో తర్వాత వేసే క్లోరిన్‌ని తినేస్తూ ఉంటుంది, అప్పుడొచ్చే సున్నా మాత్రం నిజం సున్నా. ఒక అబద్ధం సున్నాలోంచి బయటపడి నిజం సున్నాలో పడడం అన్నమాట. నేను ఆ గోతిలో కూడా పడ్డా, అది ఇంకోసారి చెప్తా.

ఇక నీ రోజువారీ సంగతి. పోయిన నెల ఒకసారి ఫ్రీ క్లోరిన్ 2.4, టోటల్ 2.0 వచ్చిందని రిజిస్టర్ ఫోటో పంపావు గుర్తుందా. అప్పుడు నేనూ సరిగా చూడలేదు. ఫ్రీ అంటే ఇంకా పని చెయ్యగలిగే క్లోరిన్, కంబైన్డ్ అంటే మురికితో కలిసిపోయింది, రెండూ కలిపితే టోటల్. కాబట్టి ఫ్రీ ఎప్పుడూ టోటల్‌ని మించదు. మించిందంటే తప్పు నీళ్లలో లేదు, ట్యూబ్‌లో ఉంది. అన్నీ ఒకే ట్యూబ్‌లో చేస్తున్నావని నా అనుమానం. ఒకటో నంబర్ మాత్ర ఫ్రీని చూపించేది, మూడో నంబర్ టోటల్‌ కోసం. మూడో నంబర్ మాత్రలో అయొడైడ్ ఉంటుంది. అది గోడకు ఇసుమంత అంటుకున్నా చాలు, తర్వాత ఒకటో నంబర్ వేసినప్పుడు నీళ్లలో ఉన్న కంబైన్డ్ క్లోరిన్ కూడా రంగులోకి వచ్చి, ఫ్రీ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. మూడో నంబర్‌కి వేరే ట్యూబ్ పెట్టుకో. కడిగేది అదే పూల్ నీళ్లతో, మూడుసార్లు. మాత్రను వేలితో ముట్టుకోవద్దు, ట్యూబ్ మూతి వేలితో మూసి ఊపొద్దు, చెమట చాలు రీడింగ్ చెడడానికి. ఒకటో నంబర్ రంగు నిమిషంలోపు చూసెయ్యాలి, ఆలస్యమైతే కంబైన్డ్ మెల్లగా రంగులోకి దిగుతుంది. మూడో నంబర్‌కి మాత్రం రెండు నిమిషాలు ఆగాలి. నీకు రెండిట్లోనూ తొందరే.

నీళ్లు మెట్ల దగ్గర పైపైన ముంచుతున్నావు కదా? చెప్పకపోయినా తెలుసు, అందరూ అక్కడే ముంచుతారు. ట్యూబ్ బోర్లించి, మోచెయ్యి మునిగేదాకా దించి, అక్కడ తిప్పు. నీళ్లు లోపలికొచ్చే ఇన్‌లెట్ పక్కన వద్దు.

గెస్టులు క్లోరిన్ వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని మీవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది తిరగేసి ఉంటుంది. చెమట, మూత్రం లాంటివాటితో కలిసిపోయిన కంబైన్డ్ క్లోరిన్ వాసన అది. ఫ్రీ తక్కువైనప్పుడే ఎక్కువ కొడుతుంది. అప్పుడు టోటల్‌లోంచి ఫ్రీ తీసి చూడు, ఆ వాసన ఎంతో అంకెల్లో తెలుస్తుంది.

నాకు ఇప్పుడు భయం సున్నా గురించి కాదు, మీ స్టెబిలైజర్ గురించి, అదే క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే సయన్యూరిక్ యాసిడ్. టీసీసీఏ వేసిన ప్రతిసారీ క్లోరిన్ పోయినా సయన్యూరిక్ యాసిడ్ మిగిలిపోతుంది. 10 పీపీఎం క్లోరిన్‌కి 6 పీపీఎం లెక్క. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ చొప్పున వేస్తే నెలకు 36 పేరుకుంటుంది. ఎండకి ఆవిరి కాదు, ఫిల్టర్లో ఆగదు. అది వంద దాటితే టెస్టులో క్లోరిన్ 3 చూపిస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పచ్చబడుతుంటాయి, ఎందుకంటే ఆ క్లోరిన్‌కి పని చేసే ఊపు ఉండదు. నీళ్లు కొంత తీసేసి కొత్తవి నింపడం తప్ప దారి లేదు. 2024 మార్చిలో మాకు సరిగ్గా ఇదే అయింది. పూల్‌లో సయన్యూరిక్ పెరిగిపోయింది, నీళ్లు మార్చాలి. అదే నెలలో బెంగళూరు నీళ్ల బోర్డు బీడబ్ల్యూఎస్ఎస్‌బీ వాళ్లు స్విమ్మింగ్ పూల్స్‌కి తాగునీళ్లు వాడకూడదని, వాడితే ఐదు వేలు జరిమానా అని ఆర్డర్ వేశారు. ఊళ్లో జనానికి బిందెడు నీళ్లు దొరకని రోజులు, నేను పూల్ కోసం ట్యాంకర్ అడగడానికి మొహం చెల్లలేదు. వాన పడేదాకా తాళం వేశాం. కాబట్టి వారానికి ఒకసారి సయన్యూరిక్ ఎంతుందో చూసే ఆ నల్లచుక్క కనపడకుండా పోయే టెస్టు కూడా చెయ్యి. అది ఎప్పుడు చేశారని మీ సూపర్‌వైజర్‌ని అడుగు, మెల్లగా.

ఆయన మీద కోపం పెట్టుకోకు. నన్ను 2011లో అడిగుంటే నేనూ ఇంకో రెండు కేజీలు వెయ్యమనే చెప్పేవాణ్ణి. లెక్క కాగితం మీద వేసి చూపించు, చాలు. ఒక్క విషయంలో మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. టీసీసీఏ డబ్బాలో బ్లీచింగ్ పౌడర్ ముంచిన గరిటె పెట్టొద్దు, రెండూ కలిస్తే మంట లేస్తుంది. యాసిడ్ క్యాన్ ఆ గదిలోనే ఉంటే బయట పెట్టించు. ఇది వినకపోతే అర్ధరాత్రి అయినా నాకు ఫోన్ చెయ్యి.

మంగళవారం మీ చిన్నాన్న చెన్నై వస్తున్నాడు. నాలుగు సిరంజిలు, రెండు కొత్త ట్యూబులు పంపుతున్నా. మూడో నంబర్ ట్యూబ్‌కి మీ అమ్మ ఎర్ర నెయిల్ పాలిష్‌తో 3 అని రాసింది. చెనక్కాయల పొడి డబ్బా వేరే సంచిలో ఉంటుంది, రెండూ ఒకచోట పెట్టొద్దని ఆమెకు చెప్పడానికి అరగంట పట్టింది.

రేపు పొద్దున రిజిస్టర్లో అంకె పక్కన ఆ గులాబీ రంగు సంగతి కూడా రాయి, ఆదివారం తారీఖు వేసి.

మీ నాన్న