బ్యాటరీ ఉబ్బుతుందని కంపెనీ చెప్పొద్దా?

సంపాదకులకు నమస్కారం.

సెల్‌ఫోన్లు, ట్యాబులు, ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీలు ఉబ్బిపోతుంటే ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పాల్సింది తయారుచేసిన కంపెనీ కాదా అని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మా కావలిలో రిపేరు షాపుకెళితే స్క్రీన్ పైకి లేచిన ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లు తరచూ కనిపిస్తారు. గమ్ము ఊడిందేమో అనుకుని రబ్బరు బ్యాండు వేసుకుని వాడుతుంటారు, లోపల బ్యాటరీ ఉబ్బి స్క్రీన్‌ని తోస్తోందని షాపతను విప్పి చూపిస్తే గానీ తెలియదు.

ఒకప్పుడు బ్యాటరీ మనమే చేత్తో తీసేవాళ్లం. షాపులో దాన్ని గాజు బల్ల మీద పెట్టి వేలితో తిప్పేవాళ్లు, బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే, కొత్తది వేసేవాళ్లు. ఇప్పుడు గమ్ముతో అంటించి లోపల మూసేశారు. మనం చూసుకునే వీలు లేకుండా చేసినవాళ్లే మనకు చెప్పడం న్యాయం కదా!

లిథియం బ్యాటరీ పాతబడినా, వేడిలో ఎక్కువ వాడినా, నెలల తరబడి చార్జింగ్ లేకుండా పడి ఉన్నా, తయారీలోనే లోపం ఉన్నా లోపలి రసాయనాలు చెడి గ్యాసు పుడుతుంది. అది బయటికి పోలేక కవరు ఉబ్బుతుంది. దాన్ని గట్టిగా నొక్కినా పిన్నుతో గుచ్చినా లోపల షార్టయి మంట రావచ్చు. ఆపిల్ కంపెనీ ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మే నెలలో నెల్లూరు, ఒంగోలులో 40 దాటడం మామూలే, కానీ ఇక్కడ ఏ ఫోన్ అమ్మేటప్పుడైనా ఎండ గురించి ఒక్క మాట చెప్పిన కౌంటరు నేను చూడలేదు.

మా అన్న కూతురి ట్యాబు వెనక మూత లేచిపోతే నెల్లూరులో సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాం. వారంటీ అయిపోయింది, ఇది ఫిజికల్ డ్యామేజీ అన్నారు. అది కింద పడలేదు, తడవలేదు. డబ్బు సంగతి అటుంచండి, ఆ పిల్ల చదువుకుంటూ దాన్ని దిండు పక్కనే పెట్టుకుని పడుకునేది, ఇంక చార్జింగ్ పెట్టకండమ్మా, ప్రమాదం అని అక్కడ కూడా ఎవరూ అనలేదు, నాకు కోపం వచ్చింది దానికే. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబులకు కూడా వయసు పెరుగుతోంది, వాటి సంగతి కూడా ఎవరైనా పట్టించుకోవాలి.

కంపెనీలకు చేతకాక కాదు. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోతుంటే శాంసంగ్ ఆ ఫోన్లు వెనక్కి తీసుకుంది, చివరికి తయారీయే ఆపేసింది. 2019లో ఆపిల్ కొన్ని పాత మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని ఉచితంగా మార్చింది. ప్రపంచమంతా గోల అయితేనో, పెద్ద లోపం బయటపడితేనో తప్ప మామూలుగా ఉబ్బే బ్యాటరీ గురించి ఎందుకు మాట్లాడరు? మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం జరగకుండా ఎలా వాడాలో సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే జరిగిన హానికి తయారీదారు బాధ్యత వహించాలి. ఎవరికీ అర్థం కాని చిన్న అక్షరాల కాగితం ఒకటి డబ్బాలో పడేస్తే సరిపోతుందా?

కొత్త మోడల్ వచ్చిందని, ఆఫర్ ఉందని ఫోన్‌కి మెసేజ్‌లు పంపుతూనే ఉంటారు. అదే దారిలో తెలుగులో పంపండి: మూత లేచినా, స్క్రీన్ పొంగినా వెంటనే ఆపేయండి, చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, ఫలానా చోట ఇచ్చేయండి అని. వారంటీ ఉందా లేదా అని చూడకుండా ఉబ్బిన బ్యాటరీ తీసుకోవాలి. వాడేసిన బ్యాటరీలు సేకరించే బాధ్యత కేంద్రం తెచ్చిన 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల్లో తయారీదారుల మీదే పెట్టారు. అలాంటప్పుడు కావలి, కందుకూరు, మార్కాపురం లాంటి ఊళ్లలో అవి ఎక్కడ ఇవ్వాలో బోర్డు పెట్టి చెప్పాలి. ఇప్పుడు జనం వాటిని చెత్తలో వేస్తున్నారు, పారిశుధ్య కార్మికులు ఉత్త చేతులతో ఏరుతున్నారు. కంపెనీ వినకపోతే పాఠకులు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా