చింతపిక్కలతో ఇంటర్వ్యూ తయారీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం ముఖ్యంగా పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలున్న ఇళ్లకు. గణాంకశాస్త్రం, గణితం చెప్పే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి, అంటే ఐఎస్ఐకి, అప్లై చేస్తామని ఈసారి కొందరు పేర్లిచ్చారు. ఆ ఇళ్ల నుంచి వస్తున్న ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న: "సార్, దీనికి కోచింగ్ ఎక్కడ ఇప్పించాలి?"

ముందు పరీక్ష సంగతి చెబుతాను. కోల్‌కతాలో బీస్టాట్, అంటే గణాంకశాస్త్రం డిగ్రీ, బెంగళూరులో బీమ్యాథ్, అంటే గణితం డిగ్రీ. రాతపరీక్ష మే నెలలో. మన ఈఏపీసెట్ హడావిడి కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే. ఉదయం రెండు గంటల ఆబ్జెక్టివ్ పేపరు, 30 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు సున్నా, వదిలేస్తే 1. అవును, ఏమీ పెట్టకపోతే మార్కు! జేఈఈకి అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడే తికమకపడతారు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేదీ ఆ 1 మార్కే. ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తేల్చగలిగితే మాత్రం పెట్టడమే లాభం. ఎందుకో మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. చెప్పలేకపోతే మా లెక్కల మాష్టారి దగ్గరికి పంపండి.

అసలు పేపరు మధ్యాహ్నానిది. రెండు గంటలు, 8 ప్రశ్నలు, ఆప్షన్లు లేవు. ప్రతి మెట్టూ రాసి నిరూపించాలి. ఇది దాటినవాళ్లకు ఇంటర్వ్యూ.

"టై కట్టించాలా, ఇంగ్లిష్ గడగడా రావాలా?" అని ఒక అమ్మగారు అడిగారు. అక్కర్లేదమ్మా. అక్కడ అడిగేది లెక్కలే. ప్రొఫెసర్లు ఒక లెక్క ఇచ్చి, పిల్లవాడు దాన్ని ఎటునుంచి పట్టుకుంటున్నాడో చూస్తారు.

పోయిన వారం లైబ్రరీలో ఒక అబ్బాయిని అడిగాను: "1, 3, 5, 7 అని బేసి సంఖ్యలు వరసగా కలుపుతూ పోతే 1, 4, 9, 16 అని వర్గాలే ఎందుకొస్తాయి?" అంకశ్రేఢి ఫార్ములాతో రెండు లైన్లలో తేల్చేశాడు. తప్పేం లేదు. "ఫార్ములా రాని మీ చెల్లికి ఎలా చెబుతావు?" అన్నాను. నీళ్లు నమిలాడు. మర్నాడు జేబులో చింతపిక్కలు పోసుకొచ్చాడు. ఒక పిక్క పెట్టి, దానికి పక్కనా కిందా మూలగా 3 పేర్చాడు, రెండేసి పిక్కల చదరం అయింది. దాని చుట్టూ అలాగే ఇంకో 5 పేరిస్తే మూడేసి పిక్కల చదరం. రాత్రి వాళ్ల నాయనమ్మకు ఇలాగే చూపిస్తే, "ఓస్, ఇంతేనా" అందట ఆవిడ.

మీరు చేయాల్సింది ఇదే. రోజూ ఓ పది నిమిషాలు ఒక లెక్క పైకి చెప్పించుకోండి. మీకు లెక్కలు రానక్కర్లేదు, అర్థం కానిచోట "ఎందుకు?" అంటే చాలు. మధ్యలో ఆగిపోతే కసురుకోకండి. "ఇక్కడ ఆగిపోయాను సార్, ఇలా చేసి చూడనా?" అనడం పిల్లలకు రావాలి. జవాబు ఖాయమయ్యేదాకా నోరెత్తకూడదని నేర్పింది మనమే, ఆ తప్పులో మా బడికీ వాటా ఉంది.

సీటు రాకపోతే? పేరుమోసిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లింది ఓ ఉద్యోగం ఇంటర్వ్యూకి. ఆ ఉద్యోగం రాలేదు. ఐఎస్ఐ గురించి ఆయనకు తెలిసింది ఆ ప్రయాణంలోనే, 1941లో అందులో చేరారు. మన పిల్లలకూ జేఈఈ, ఈఏపీసెట్ ఎలాగూ ఉన్నాయి, వాటి చదువు ఆపమని నేననడం లేదు.

మాక్ ఇంటర్వ్యూలు ఇకపై ప్రతి శనివారం మధ్యాహ్నం లైబ్రరీలోనే. తల్లిదండ్రులు వచ్చి వెనక బెంచీలో కూర్చోవచ్చు. జవాబులు మాత్రం అందించకండి. పోయినసారి ఒక నాన్నగారిని బయట కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఇట్లు,
మీ ప్రిన్సిపల్