బోటుకు ఇంజను ఇచ్చేముందు మా రేవుకొకసారి రండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లో వల వేసి బతికేవాణ్ణి. మా ప్రాంతం నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, ఎవరైనా అడిగితే కర్నూలోళ్ళమనే చెప్పుకుంటాం.

మత్స్యకారుల కోసం కేంద్రం పెట్టిన మత్స్య సంపద యోజనలో సబ్సిడీ 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు 60 శాతం. మిగతాది అప్పు తెచ్చి కట్టేది మేమే. అందుకే ఏ ఇంజను కొనాలో మమ్మల్ని అడగండి సార్.

మా ఫైబర్ బోటుకు 9.9 హార్స్‌పవర్ చాలు. 25ది ఇస్తే మేలు చేసినట్టు కనిపిస్తుంది, కానీ దాని బరువు యాభై కిలోలు దాటుతుంది. దొంగల భయానికి రోజూ రాత్రి ఇంజను విప్పి ఇంటికి మోసుకుపోతాం. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయి, మునిగి ఉన్న సంగమేశ్వరుడి గుడి బయటపడ్డాక, రేవు నుంచి గట్టుదాకా మోకాలి లోతు బురదలో నడవాలి. ఆ బరువు భుజాన పెట్టుకుని ఒక్కసారి నడిచి చూస్తే తెలుస్తుంది.

టూ స్ట్రోక్ వద్దు, ఫోర్ స్ట్రోకే ఇప్పించండి. టూ స్ట్రోక్‌లో పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. కాలని ఆయిలు నీళ్ళమీద రంగులు రంగులుగా తేలుతుంది. ఈ నీళ్ళే పోతిరెడ్డిపాడు మీదుగా రాయలసీమ గొంతు తడిపేది. పైగా ఫోర్ స్ట్రోక్ పెట్రోలు తక్కువ తాగుతుంది. ఆ పెట్రోలు ఖర్చు రోజూ మా జేబులోదే.

అన్నిటికన్నా పెద్ద బాధ రిపేరుది. ఇంజను వెనకాల సన్నగా నీళ్ళ ధార పడుతుండాలి. అది ఆగిందంటే ఇంజనును చల్లబరిచే నీళ్ళు అందడం లేదని లెక్క. పోయిన కార్తీకంలో నడి నీళ్ళలో నా ఇంజనుకు ఆ ధార ఆగిపోయింది. వెంటనే ఆపేసి, తమ్ముడూ నేనూ తెడ్లేసుకుంటూ చీకటిపడ్డాక ఒడ్డుకొచ్చాం. మా అమ్మ టార్చి పట్టుకుని రేవులోనే నిలబడి ఉంది. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అప్పటి నుంచీ మేం ఆలస్యమైతే ఆమె ఇంట్లో కూర్చోలేదు.

విప్పి చూస్తే నీళ్ళు తోడే ఇంపెల్లర్ రెక్కలు మూడు తెగిపోయి ఉన్నాయి. అరచేతిలో పట్టే రబ్బరు చక్రం అది. వరద నీళ్ళలోని ఇసుక, ఒండ్రు దాన్ని అరగదీస్తాయి. ఆ చిన్న ముక్క కోస్తా నుంచి రావడానికి పదిహేడు రోజులు పట్టింది. అన్ని రోజులూ వేట లేదు, వడ్డీ మాత్రం ఆగలేదు.

యమహానో, సుజుకీనో, ఏ కంపెనీదైనా మాకు ఒకటే. దాని ఇంపెల్లర్, ప్లగ్గులు, బోటును ముందుకు నెట్టే ఫ్యాను మా దగ్గరి ఆత్మకూరులో దొరకాలి. రేవుకొక కుర్రాడికి రిపేరు నేర్పించాలి. సామాను దొరకని కంపెనీని సబ్సిడీ జాబితాలోనే పెట్టకండి.

ఈ వరద కాలం మొదలయ్యేలోపు ఆత్మకూరుకు ముందు ఆ రబ్బరు చక్రాలు పంపించండి సార్. ఇంజన్లు తర్వాత ఇచ్చినా ఓర్చుకుంటాం.

ఇట్లు,
సంగమేశ్వరం రేవు మత్స్యకారుడు