బిల్డ్ సమయంలో ఎదురుచూపు ఎంత?

సంపాదకులకు,

సాఫ్ట్‌వేర్ బృందాల పనితీరును బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా తయారుచేసి పరీక్షించే పని) పక్కన కనిపించే నిమిషాలతో తూచే మేనేజర్లు ఈ విషయం గమనించాలి. బిల్డ్‌లను తనంతట తానే నడిపే సాఫ్ట్‌వేర్ జెంకిన్స్‌లో పైప్‌లైన్ (స్క్రిప్టుగా రాసిన దశల వరుస) చూపే 'డ్యూరేషన్' పని చేసిన సమయం మాత్రమే కాదు, ఖాళీగా కాచుకున్న సమయం కూడా.

స్క్రిప్టు లేకుండా ఫారమ్ నింపి పెట్టే పాత ఫ్రీస్టైల్ జాబ్‌లో క్యూలో గడిచిన సమయం లెక్కలోకి రాదు. ఎగ్జిక్యూటర్, అంటే బిల్డ్ నడవడానికి ఖాళీ స్థానం, దొరికాకే గడియారం మొదలవుతుంది. పైప్‌లైన్ స్క్రిప్టు మాత్రం ముందు కంట్రోలర్ (జెంకిన్స్ ప్రధాన సర్వర్) మీద మొదలై, ఆ తర్వాతే ఏజెంట్‌ను (అసలు పని చేసే యంత్రాన్ని) అడుగుతుంది. ఏజెంట్లు ఖాళీ లేకపోతే ఆ నిరీక్షణంతా బిల్డ్ ఖాతాలో పడుతుంది. ఫ్రీస్టైల్ నుంచి పైప్‌లైన్‌కి మారగానే 'బిల్డ్ నెమ్మదించింది' అనుకోవడానికి ఇదొక కారణం.

మనిషి అనుమతి కోసం ఆగే ఇన్‌పుట్ స్టెప్ ఉంటే మరీ ఘోరం. శుక్రవారం సాయంత్రం 6కు అనుమతి అడిగి ఆగిన బిల్డ్‌కు సోమవారం ఉదయం 9కి ఎవరో సరే అన్నారనుకోండి, పది నిమిషాల పనికి 63 గంటలు చూపిస్తుంది. అంచనా సమయం సాధారణంగా ఇటీవల విజయవంతమైన మూడు బిల్డ్‌ల సగటు కాబట్టి, తర్వాతి బిల్డ్‌కు దాదాపు 21 గంటలు పడుతుందని చెబుతుంది. ప్రోగ్రెస్ బార్ కదలదు, జనం బిల్డ్ ఆగిపోయిందనుకుని రద్దు చేస్తారు!

ఇది లెక్క తప్పడం కాదు, పేరు తప్పడం. అయినా చూసేవాడిని దారి తప్పిస్తోంది కాబట్టి లోపంగానే నివేదించాలి. 'టైమ్ తప్పు చూపిస్తోంది' అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎవరైనా చేసి చూసుకునేలా వివరించాలి. ఒకే ఎగ్జిక్యూటర్ ఉన్న ఏజెంట్‌కు ఒక లేబుల్ పెట్టి, ఆ లేబుల్‌తో నోడ్ (అంటే ఆ ఏజెంట్) తీసుకుని లోపల 120 సెకన్ల స్లీప్ చేసే పైప్‌లైన్ రాయండి. రెండుసార్లు వెంటవెంటనే నడపండి. మొదటిది సుమారు 2 నిమిషాలు, రెండోది సుమారు 4 చూపిస్తాయి. ఒకేసారి రెండు బిల్డ్‌లు నడవనివ్వని 'డిజేబుల్ కాంకరెంట్ బిల్డ్స్' ఆప్షన్ పెట్టకూడదు. పెడితే రెండోది మొదలవకుండా క్యూలోనే ఆగుతుంది, తేడా కనబడదు. జెంకిన్స్ వెర్షన్, పైప్‌లైన్ ప్లగిన్ల (అదనపు భాగాల) వెర్షన్లు, ప్రతి లైనుకూ సమయం చేర్చే టైమ్‌స్టాంపర్‌తో తీసిన కన్సోల్ లాగ్ జతచేయండి. ఏపీఐ (ఇతర ప్రోగ్రామ్‌లు జెంకిన్స్ సమాచారం తీసుకునే మార్గం) నుంచి తీసే డ్యూరేషన్ అంకె మిల్లీసెకన్లలో ఉంటుందనీ, నడుస్తున్న బిల్డ్‌కు అది సున్నా అనీ మరవొద్దు.

ఇలాంటి పనే చేసే గిట్‌ల్యాబ్ ప్రతి జాబ్‌కూ నడిచిన సమయాన్నీ క్యూ సమయాన్నీ వేరువేరుగా చూపిస్తుంది. జెంకిన్స్ నుంచి కోరాల్సిందీ అదే. ఆలోగా మెట్రిక్స్ ప్లగిన్ వేసుకుంటే, బిల్డ్ పేజీలోని టైమింగ్స్ కింద క్యూలో ఎంతసేపు గడిచిందో విడిగా తెలుస్తుంది. క్యూ సమయమే ఎక్కువగా ఉంటే కోడ్ జోలికి పోకుండా ఏజెంట్ల సంఖ్య పెంచుకోవాలి.

- ఒక బిల్డ్ ఇంజినీర్, హైదరాబాద్